ఎర్ర చుక్క ఎవరి ఖాతాలో?

కెమెరా చిక్కులు: పాఠకుల ప్రశ్నలకు బరంపురం పాత మెకానిక్ జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాను. పోయిన నెల విశాఖపట్నం వెళ్లి లక్షా 86 వేలు పెట్టి కొత్త కెమెరా కొన్నాను. ఇంటికి వచ్చి మెనూ తెరిస్తే తెర కింద, కుడి మూలన ఒక ఎర్ర చుక్క కనిపించింది. అమ్మినవాళ్లు సర్వీసు సెంటరుకు పంపమన్నారు. సర్వీసు సెంటరువాళ్లు చూసి, ‘లోపం కాదు, పరిమితిలోనే ఉంది’ అని రాసి తిప్పి పంపారు. ఇంత ధర పెట్టి కొన్నదానిలో ఇది లోపం కాకపోతే మరేమిటి? ఈ చుక్క ఫోటోల్లోకి కూడా వస్తుందా?

జవాబు: గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి నుంచి వచ్చిన ఉత్తరం కదా అని రెండుసార్లు చదివాను. డొంకతిరుగుడు లేకుండా అడిగారు. నేనూ అలాగే చెబుతాను.

ముందు మీ రెండో ప్రశ్న. చుక్క మెనూ మీద కూడా కనిపిస్తోందంటే అది తెరదే. ఫోటోల్లోకి రాదు. అయినా ఒకసారి నిర్ధారించుకోండి. తీసిన ఫోటోను తెర మీద బాగా పెద్దది చేసి అటూ ఇటూ జరపండి. ఫోటోతోపాటు చుక్కా జరిగితే అది సెన్సర్‌ది, అంటే లోపల బొమ్మను పట్టే చిప్పుది. ఫోటో జరిగినా చుక్క ఉన్నచోటనే ఉంటే తెరది. లెన్సుకు మూత పెట్టి ఒక ఫోటో తీసి కంప్యూటర్‌లో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంత చిన్న పరీక్ష చేయకుండా, వెనకటికి నేను ఒకాయన కెమెరాకు తెర మార్చేశాను. ఆయన చుక్క అన్నారు, నేను తెర అనుకున్నాను. కొత్త తెర బిగించి ఫోటో తీస్తే చుక్క ఎక్కడిదక్కడే ఉంది. ఆ తెర ఖర్చు నేనే భరించాను.

సెన్సర్ చుక్క అయితే కొంత నయం. ఒలింపస్ వంటి కొన్ని కెమెరాల మెనూలో పిక్సెల్ మ్యాపింగ్ అని ఒకటి ఉంటుంది. పాడైన పిక్సెల్‌ను, అంటే బొమ్మలోని ఒక బిందువును గుర్తుపట్టి, చుట్టుపక్కల వాటి రంగును బట్టి ఆ చోటును పూడుస్తుంది. తెరకు ఆ వైద్యం లేదు. వేలితో గట్టిగా నొక్కితే పోతుందని మీకు ఎవరో ఒకరు చెప్పి తీరుతారు. నొక్కకండి. చుక్క పోగొట్టబోయి మరక తెచ్చుకున్న తెరలు నా బల్ల మీదకు చాలా వచ్చాయి.

ఇక ఆ ‘పరిమితి’ సంగతి. మీ కెమెరా మాన్యువల్‌లో జాగ్రత్తల పేజీలు తిప్పండి. పెద్ద కంపెనీల మాన్యువళ్లు దాదాపు అన్నిటిలోనూ ఒక వాక్యం ఉంటుంది. తెరలోని పిక్సెళ్లలో 99.99 శాతం సరిగా పనిచేస్తాయి, మిగిలిన 0.01 శాతం అసలు వెలగకపోవచ్చు లేదా ఎప్పుడూ వెలుగుతూనే ఉండవచ్చు, దాన్ని లోపంగా లెక్కించకూడదు అని దాని సారాంశం. చదివితే ఎంత నిఖార్సైన వస్తువో అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా అనిపించదు. పెట్టె మీద తెరకు 10 లక్షల 40 వేల చుక్కలు అని రాసి ఉందనుకోండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు మూడు కలిస్తే ఒక పిక్సెల్. అంటే అడ్డంగా 720, నిలువుగా 480, మొత్తం 3,45,600 పిక్సెళ్లు. అందులో 0.01 శాతం అంటే 34. ముప్పయి నాలుగు పిక్సెళ్లు పాడైపోయినా మాన్యువల్ లెక్కన మీ తెర ఆరోగ్యంగానే ఉన్నట్టు. మీకున్నది ఒక పిక్సెల్‌లో మూడో వంతు, ఎరుపు ఒక్కటీ వెలిగిపోయి ఆరకుండా ఉంది. సర్వీసు సెంటరులోని కుర్రవాడు మీ కాగితం మీద అంత ధీమాగా రాయడానికి కారణం ఇదే. అతన్ని తిట్టుకోకండి.

మా నాన్న ఇక్కడ బరంపురంలో పట్టు చీరలు నేసేవారు. చీర తీసుకువెళ్తే షావుకారు దాన్ని గుమ్మంలో వెలుతురుకు అడ్డంగా పట్టించి చూసేవాడు. ఒక్క పోగు తప్పినా ధరలో కోత. ‘పదివేల పోగుల్లో ఒకటే కదా’ అనడానికి మా నాన్నకు నోరు ఉండేది కాదు. కెమెరా కంపెనీకి ఆ నోరు ఉంది. ఎందుకంటే అక్కడ నేసేవాడూ, వెలుతురుకు పట్టి చూసేవాడూ ఒకడే.

అలాగని ప్రపంచంలో కొలతలే లేవని కాదు. కంప్యూటర్ తెరల కోసం 2001లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ నుంచి 13406-2 అనే ప్రమాణం వచ్చింది. తర్వాత దాని స్థానంలోకి ఐఎస్ఓ 9241-307 వచ్చింది. పాత ప్రమాణంలో మామూలు తెరలు పడే రెండో తరగతిలో, 10 లక్షల పిక్సెళ్లకు ఎప్పుడూ వెలిగేవి 2, ఎప్పుడూ ఆరి ఉండేవి 2, మీ ఎర్ర చుక్క వంటి సగం పాడైనవి 5 దాకా ఒప్పుకున్నారు. మీ తెరలో 10 లక్షల పిక్సెళ్లు లేవు, మూడున్నర లక్షలే. ఆ దామాషాలో చూస్తే ఎర్ర చుక్కలు ఒకటో రెండో. ఒకటో రెండో ఎక్కడ, ముప్పయి నాలుగు ఎక్కడ! ఆ ప్రమాణం కెమెరా తెరల కోసం రాసినది కాదు, నిజమే. కానీ 34 అనేది దేవుడు గీసిన గీత కాదని చూపించడానికి అది చాలు.

చట్టం మాట. ఊరు ఒకచోట, కొన్నది పక్క రాష్ట్రంలో కనుక ఎక్కడ ఫిర్యాదు చేయాలో తెలియక మన సరిహద్దు ఊళ్లవాళ్లు చాలామంది ఊరుకుంటారు. 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే ఒడిశాలోని గజపతి జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. విశాఖపట్నం రైలు ఎక్కనక్కరలేదు. వివాదం పుట్టిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. 5 లక్షల లోపు సరుకుకు రుసుము లేదు. పెళ్లిళ్లకు వాడుతున్నారు కనుక మీరు వ్యాపారి, వినియోగదారుడు కారు అని అవతలివాళ్లు అనవచ్చు. స్వయంఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువును చట్టం వ్యాపార ప్రయోజనం కింద లెక్కకట్టదు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. దానికి ఖర్చు లేదు.

కేసు వేస్తే గెలుస్తానా అని అడగబోతున్నారు. ఒక్క చుక్కకు గెలుపు ఖాయమని నేను చెప్పను, మాన్యువల్‌లో ఆ వాక్యం ఉంది కనుక. అయితే ఆ మాన్యువల్ ఉన్నది సీలు వేసిన పెట్టెలో. డబ్బు కట్టి, సీలు తీసి, అప్పుడు చదవవలసిన షరతు కొన్నవాడిని ఎంతవరకు కట్టిపడేస్తుంది? ఆ మాట గట్టిగా అడగదగినదే. మీ స్థానంలో నేనుంటే కంపెనీకి ఫోటోలతో, బిల్లు నకలుతో ఒక ఉత్తరం రాసి, మూలన ఉన్న ఆ చుక్కను మరిచిపోయి ముహూర్తాల పనిలో పడతాను. చుక్క తెర మధ్యలో ఉన్నా, వారంటీ లోపల రెండోది పుట్టినా మాత్రం వదలను. అందుకే ఇప్పుడే తేదీ వేసి తెరకు ఫోటో తీసి పెట్టుకోండి. రేపు అడిగితే చూపించడానికి పనికివస్తుంది.

ఇంకోసారి కొనేటప్పుడు దుకాణంలోనే పది నిమిషాలు ఉండండి. ఛార్జీ ఉన్న బ్యాటరీ వేయించి, మూత పెట్టి ఒక నల్ల ఫోటో, తెల్ల కాగితానికి వెలుగు ఎక్కువ చేసి ఒక తెల్ల ఫోటో తీయండి. మీ ఫోను తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒకదాని తర్వాత ఒకటి పెట్టి మూడు ఫోటోలు తీయండి. అన్నిటినీ తెర మీద చూసి, తర్వాత కంటికి ఆనించే వ్యూఫైండర్‌లోనూ చూడండి. కొత్త కెమెరాల్లో అదీ ఒక బుల్లి తెరే. దానిలో చుక్క ఉంటే కంటికి అర అంగుళం దూరంలో ఈగ వాలినట్టే ఉంటుంది. దుకాణంవాళ్లు విసుక్కుంటారు. పట్టుచీర కొనేటప్పుడు మీ ఇంట్లోవాళ్లు నలభై చీరలు విప్పించినప్పుడు విసుక్కోలేదా? అయినా విప్పారు.

ప్రశ్న: నేను రాయగడలో అధ్యాపకురాలిని. నా కెమెరా, నా సహోద్యోగి కెమెరా ఒకే మోడల్. నా తెర పసుపుగా, ఆమెది నీలంగా కనిపిస్తాయి. నాది నకిలీదా?

జవాబు: కాదమ్మా. తెర వెనక వెలిగేవి తెల్ల ఎల్ఈడీలు. నిజానికి అవి నీలం దీపాలే. పైన పసుపు పొడి పూత వేస్తే తెల్లగా కనిపిస్తాయి. పూత ఒక రవ్వ మందమైతే పసుపు, పలుచనైతే నీలం. తయారీలో వాటిని ఛాయల వారీగా వేరుచేస్తారు కానీ ఒక్కో విడతకు కొంత తేడా ఉండనే ఉంటుంది. 2012లో వచ్చిన నికాన్ డి800 తెర ఆకుపచ్చగా ఉందని కొన్నవాళ్లు చాలామంది గోలపెట్టారు. అదీ చవక కెమెరా ఏమీ కాదు.

మెనూలో తెర రంగు సర్దుబాటు ఉందేమో చూడండి. ఉంటే, పగటిపూట నీడలో తెల్ల కాగితం పక్కన పెట్టుకుని సరిచేయండి. ఆమె కెమెరాను చూసి సరిచేయకండి. ఆమెదే సరైనదని ఎవరన్నారు? వెలుగు సరిగా పడిందో లేదో తేల్చుకోవడానికి తెరను నమ్మడం మానేసి హిస్టోగ్రామ్, అంటే ఫోటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గీత, చూడడం అలవాటు చేసుకోండి. తెర పసుపైనా నీలమైనా ఆ గీత మారదు.

ప్రశ్న: జయపురం నుంచి రాస్తున్నాను. ఇంకొంచెం డబ్బు పోసి అన్నిటికన్నా ఖరీదైన రకం కొంటే ఈ తలనొప్పులు ఉండవు కదా?

జవాబు: ఉండవని నేనూ ఒకప్పుడు అనుకున్నాను. 2009లో వచ్చిన లైకా ఎం9 ధర దాదాపు 7 వేల డాలర్లు. దాని తెర రెండున్నర అంగుళాలు, 2 లక్షల 30 వేల చుక్కలు. అంతకు ముందు ఏడాదే వచ్చిన నికాన్ డి90 వెయ్యి డాలర్ల లోపు కెమెరా. దాని తెరకు 9 లక్షల 20 వేల చుక్కలు. ఆ 7 వేల డాలర్లు ఇత్తడికీ, పేరుకూ పోయాయి కానీ తెరకు పోలేదు. చాలా కంపెనీలు తెరలను సొంతంగా తయారుచేయవు, తెరలు చేసేవాళ్ల దగ్గర కొంటాయి. ఆ ఎం9కే తర్వాత సెన్సర్ మీది గాజు తుప్పు పట్టి మచ్చలు రావడం మొదలైంది. 2014లో కంపెనీ ఒప్పుకుని మార్చి ఇచ్చింది.

2012 సంగతి ఇంకా తమాషా. కెనాన్ 5డి మార్క్ 3, మూడున్నర వేల డాలర్ల కెమెరా. బాగా చీకట్లో పైనున్న చిన్న తెరకు దీపం వేస్తే, ఆ వెలుగు లోపలికి జారి, వెలుతురును కొలిచే మీటర్ అంకె మారిపోయేది. తెర బాగానే ఉంది, దాని వెలుగే దొంగ. లోపల నల్ల టేపు ముక్క అంటించి సరిచేశారు. అదే ఏడాది వచ్చిన నికాన్ డి600 సెన్సర్ మీద మచ్చలు చేరేవి. 2014 మార్చిలో చైనా ప్రభుత్వ టీవీ ఆ సంగతి బయటపెట్టాక షాంఘైలో దాని అమ్మకాలు ఆపించారు. కంపెనీ షట్టర్లు ఉచితంగా మార్చింది.

ఇన్ని తప్పులు కర్మాగారం గుమ్మం ఎలా దాటాయంటే, విడిభాగాలను ఒక్కొక్కటిగా చూడరు. లాటు నుంచి, అంటే ఒక విడత సరుకు నుంచి కొన్ని తీసి పరీక్షించి, చెడ్డవి ఒక అంకె దాటకపోతే లాటు మొత్తం లోపలికి వదులుతారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సరుకు కొనడానికి వాడిన పట్టికల నుంచి పుట్టిన పద్ధతి ఇది. ఈనాటి ఐఎస్ఓ 2859-1 దాని వారసురాలే. చీకట్లో దీపం వేసి చూడాలన్న ఆలోచన పరీక్ష రాసినవాడికి రాకపోతే, లక్ష కెమెరాలు పరీక్షించినా ఆ తప్పు దొరకదు. మీరు డబ్బు ఎక్కువ పోసినా వాడికి ఆ ఆలోచన రాదు.

నన్నడిగితే, కొత్తగా విడుదలైన మోడల్‌ను మొదటి ఆరు నెలలు కొనకండి. తప్పులేమైనా ఉంటే తొందరపడి కొన్నవాళ్లే మీ కోసం ఉచితంగా కనిపెట్టి పెడతారు. బిల్లు లేని, వారంటీ వర్తించని విదేశీ సరుకు పది వేలు తక్కువకు వస్తుందన్నా ముట్టుకోకండి.

ప్రశ్న: మాది బరంపురం దగ్గర గోపాలపురం. తెరను తిప్పినప్పుడల్లా ఆరిపోతోంది, మళ్లీ మూస్తే వెలుగుతోంది. తెర పోయినట్టేనా?

జవాబు: తెర కాదు. మడత బందు లోపలి నుంచి వెళ్లే ఫ్లెక్స్ కేబుల్, అంటే రిబ్బను లాంటి పలుచటి తీగ, చిట్లింది. తెర కన్నా చాలా చవక, కానీ విప్పడం చేయి తిరిగినవాళ్ల పని. సముద్రపు గాలి ఊరు కనుక కనెక్టర్ల దగ్గర ఆకుపచ్చ చిలుము కూడా పట్టి ఉండవచ్చు, దాన్నీ చూడమనండి. అప్పటి వరకు తెరను వెలిగే వైపు ఉంచి, మడత దగ్గర ఒక రబ్బరు బ్యాండు వేయండి. మా బరంపురం ఠాకురాణి అమ్మవారి యాత్ర రాత్రుల్లో జనంలో నిలబడి అలాగే పని కానిచ్చినవాళ్లను నేను ఎరుగుదును.