పూత బూడిద రంగులో ఎందుకు వస్తోంది?

ప్రశ్న: 0.05 మోలార్ జింక్ నైట్రేట్ ద్రావణంలో, సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి మైనస్ 1.3 వోల్టుల వద్ద, ఐటీఓ (విద్యుత్తును ప్రవహింపజేసే ఇండియం టిన్ ఆక్సైడ్) పూత ఉన్న గాజుపై జింక్ ఆక్సైడ్ పలుచని పొర వేస్తున్నాను. హాట్‌ప్లేట్‌ను 70 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టాను. పొర బూడిద రంగులో వచ్చి, తుడిస్తే రాలిపోతోంది. ఎక్స్‌ఆర్‌డీ (పదార్థాన్ని శిఖరాల స్థానాలతో గుర్తించే ఎక్స్-కిరణ వివర్తన పరీక్ష)లో మాత్రం 36.3 డిగ్రీల వద్ద జింక్ ఆక్సైడ్ శిఖరం స్పష్టంగా ఉంది. లోపం ఎక్కడ?
— పరిశోధక విద్యార్థిని, తార్నాక, హైదరాబాద్

జవాబు: మీకు ధైర్యమిచ్చిన ఆ 36.3 శిఖరాన్నే ముందుగా అనుమానించండి. లోహ జింకు శిఖరాల్లో ఒకటి కూడా దాదాపు అక్కడే పడుతుంది కనుక, ఆ ఒక్కదాన్ని చూసి ఆక్సైడ్ అని తేల్చలేం. 31.8, 34.4 వద్ద శిఖరాలుంటే ఆక్సైడ్ ఉన్నట్టు, 39.0, 43.2 వద్ద కూడా కనిపిస్తే లోహం కలిసినట్టు. ఐటీఓకు కూడా 30.6, 35.5 దగ్గర సొంత శిఖరాలుంటాయి, కాబట్టి పూత లేని గాజును విడిగా స్కాన్ చేసి పక్కన పెట్టుకోండి.

ఈ పద్ధతిలో జింకు అయాన్ నేరుగా ఆక్సైడ్‌గా మారదు. కాథోడ్ (ఇక్కడ మీ గాజుపలకే) వద్ద నైట్రేట్ క్షయకరణం చెంది, అంటే ఎలక్ట్రాన్లను అందుకుని, నైట్రైట్‌గా మారుతూ హైడ్రాక్సైడ్ అయాన్లను విడుదల చేస్తుంది. వాటితో జింకు కలిసినప్పుడు, ద్రావణం తగినంత వేడిగా ఉంటేనే, నీరు విడిపోయి ఆక్సైడ్ మిగులుతుంది. మీ ఎలక్ట్రోడ్ కొలమానంలో మైనస్ 1 వోల్టు దాటి కిందికి వెళ్లేకొద్దీ జింకు అయాన్లే లోహంగా దిగడం మొదలవుతుంది, హైడ్రోజన్ బుడగలు కూడా లేచి పొరను గాజు నుంచి వదులు చేస్తాయి. లోహం వల్ల బూడిద రంగు, బుడగల వల్ల రాలడం: మీ రెండు ఫిర్యాదులకూ కారణం ఇదేనని నా అభిప్రాయం. మైనస్ 0.9 నుంచి మైనస్ 1.0 వోల్టుల మధ్య ప్రయత్నించండి.

హాట్‌ప్లేట్ తెరపై 70 ఉన్నంత మాత్రాన బీకరులోనూ అంతే ఉంటుందనుకోవద్దు. ఏసీ గాలి తగిలే బల్లపై తేడా ఇంకా పెరుగుతుంది. థర్మామీటరును గాజుపలక పక్కనే ముంచి చూడండి. చల్లగా ఉంటే తెల్లని హైడ్రాక్సైడ్ పొడి చేరుతుంది.

గాలిలో 400 డిగ్రీల వద్ద కాల్చితే బూడిద రంగు పోవచ్చు, కానీ అది లోపాన్ని కప్పిపుచ్చడమే, కాబట్టి కాల్చకముందే ఎక్స్‌ఆర్‌డీ తీయించండి. మందానికి ఒక లెక్క: ప్రవహించిన విద్యుత్తంతా ఆక్సైడ్‌కే ఖర్చయితే, చదరపు సెంటీమీటరుకు 1 కూలూంబ్‌తో సుమారు 0.75 మైక్రోమీటర్ల పొర ఏర్పడాలి. సెమ్‌ (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని)లో అడ్డుకోత మందం అంతకంటే బాగా తక్కువగా కనిపిస్తే, మిగతా విద్యుత్తు బుడగలకో మరో పక్క చర్యకో పోయిందని అర్థం.