వేర్లు గీసేముందు ఒకసారి తవ్వి చూడు

తల్లీ,

నువ్వు పంపిన పన్నెండు బొమ్మలూ గోడకి ఆనించి రెండు రోజులుగా చూస్తున్నాను. చేయి బాగా తిరిగింది. రంగుల పొందిక కూడా కుదిరింది. ఒక్క మాట సూటిగా చెప్తాను, నొచ్చుకోకు. ఏడు బొమ్మల్లో వేర్లున్నాయి. ఒక్క వేరూ నువ్వు చూసి గీసింది కాదు. పాదాల కింద నుంచి వేర్లు దిగితే "నేను ఈ నేలదాన్ని" అంటున్నావని ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. అదే చిక్కు. చూసినవాళ్ళు తలూపి పక్క బొమ్మకి వెళ్ళిపోతారు.

ఎండిపోయిన మొక్క ఒకటి దొరికితే చుట్టూ మట్టి తీసి మెల్లగా పైకి లాగు. పెన్సిల్‌తో, తొందరపడకుండా, ఒక్క వేరునే గీయి. రాయి అడ్డొచ్చిన చోట అది పక్కకి తిరిగి ఉంటుంది. ముదిరిన వేరైతే ఆ రాయి తీసేసినా వంపు పోదు. ఊరు మారినా మాటలో యాస మిగిలినట్టే కదా అది! "నేనెక్కడిదాన్నో చెప్పలేకపోతున్నాను" అని రాశావే, దానికి సరిపడే రూపం ఆ వంపులో ఉంది. ఊహించి గీస్తే ఆ వంపు చేతికి అందదు.

ఆనా మెండియెటా అనే కళాకారిణి పనులు తీరిగ్గా చూడు. 1948లో హవానాలో పుట్టింది. 1961లో, పన్నెండేళ్ళ వయసులో, అక్కతో పాటు తల్లిదండ్రులకు దూరంగా అమెరికా చేరింది. 1973 నుంచి 1980 వరకు 'సిలువెటా' పేరుతో తన ఒంటి ఆకారాన్ని మట్టిలో, గడ్డిలో, ఇసుకలో అచ్చులా వేస్తూ పోయింది. నీళ్ళూ గాలీ వాటిని చెరిపేశాయి. మనకు మిగిలినవి ఫోటోలూ ఫిల్ములే. నేల మీద తన కొలతకు సరిపోయే చోటు కోసం ఆమె వెతుక్కున్నట్టు నాకనిపిస్తుంది. ఆ పద్ధతిని అనుకరించమని కాదు. తన బతుకులోని ప్రశ్నకి సరిపోయే పద్ధతిని ఆమె ఎలా పట్టుకుందో గమనించు.

ఇక రంగులు. నువ్వు తిరిగే చోట మట్టితోనే ఒక రంగు చేసి చూడు. నాలుగు గుప్పెళ్ళ మట్టి నీళ్ళలో బాగా కలిపి అర నిమిషం ఆగు. ఇసుక అడుగుకి దిగుతుంది. పైనున్న బురద నీళ్ళు వేరే గిన్నెలోకి వంచి మర్నాటిదాకా కదపకు. పైన తేరిన నీళ్ళు పారబోస్తే అడుగున వెన్నలాంటి మెత్తటి పొర ఉంటుంది. ఆరబెట్టి, గాజు పలక మీద తుమ్మబంక నీళ్ళతో నూరు. మొదట కిరకిరలాడుతుంది. ఆ చప్పుడు ఆగిపోయేదాకా నూరాలి. పసుపు రంగు మట్టి అయితే కొంచెం పొడిని ఇనప మూకుట్లో బాగా వేయించి చూడు, ఎర్రగా మారుతుంది. మట్టికి ఆ పసుపునిచ్చే ఇనప ఖనిజంలోని నీరు పోవడం వల్ల వచ్చే మార్పది. నేను మొదటిసారి చూసినప్పుడు మూకుడు ముందు నుంచి లేవలేదు.

పూల రసాలతో మాత్రం జాగ్రత్త. ఒకప్పుడు నేను మందార రసంతో ఒక బొమ్మ వేశాను. కొనుక్కున్నాయన కిటికీ ఎదురుగా పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా ఊదా అంతా బూడిదరంగైపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు గానీ నాకు ఆ బాధ ఇప్పటికీ పోలేదు. మట్టి రంగు అలా వెలిసిపోదు. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో దొరికిన రాతి ముక్క మీద దాదాపు 73,000 ఏళ్ళ నాటి జేగురు (ఎర్రమట్టి) గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. కొత్త రంగు ఏది చేసినా ఒక కాగితం మీద పట్టీలా పూసి, సగం నల్ల అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీకి అంటించు. మూడు నెలలయ్యాక అట్ట తీసి రెండు సగాలూ పోల్చి చూడు. తేడా వస్తే ఆ రంగు నీ స్కెచ్‌బుక్‌లోనే ఉండనీ, అమ్మే బొమ్మలో వాడకు.

వేరే జనం పవిత్రంగా చూసుకునే గుర్తుల్ని అందంగా ఉన్నాయని తెచ్చి పెట్టకు. నీ నాలుగో బొమ్మలో అలాంటిది ఒకటుంది, తీసెయ్.

ఎగ్జిబిషన్ కోసం నీ బొమ్మల గురించి చెప్పే స్టేట్‌మెంట్ ముందే రాసి పెట్టానన్నావు. దాన్ని పక్కన పెట్టు తల్లీ. "అస్తిత్వం" అన్న మాట ముందు రాసేసుకుంటే చేయి దానికి బొమ్మలు సమకూర్చడం మొదలుపెడుతుంది. ఒకే చోటుకి వారానికోసారి వెళ్ళు, వానొచ్చినా సరే. తేదీ వేసి గీయి. ఏడాది పోయాక ఆ పుస్తకం తిరగేస్తే నీ చూపు మాటిమాటికీ ఎక్కడ ఆగుతోందో తెలుస్తుంది. స్టేట్‌మెంట్ అక్కణ్ణుంచి రాయి.

వచ్చే ఉత్తరంతో కొత్త బొమ్మలేవీ పంపొద్దు. ఆ ఒక్క వేరు బొమ్మ, సగం మూసిన ఆ రంగు పట్టీ పంపు. వేరుకి అంటుకున్న మట్టి కూడా పొట్లం కట్టి పెట్టు, నేనూ నూరి చూస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ