కారు ఈఎంఐ కట్టారు, ఇంటి ఈఎంఐ ఆపారు

ప్రశ్న: పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. చేతికి 44,000 వస్తుంది. నా భార్య ఇంట్లో బట్టలు కుట్టి నెలకు ఆరు వేల దాకా తెస్తుంది. నాలుగేళ్ల కిందట మహబూబ్‌నగర్ ఏనుగొండ వైపు 28 లక్షల లోన్‌తో ఇల్లు కట్టుకున్నాం. ఈఎంఐ 24,700. ఉన్నదంతా ఇంటికే పెట్టాం, గృహప్రవేశానికే 2.5 లక్షలు అయింది. ఆ మధ్య బండి మీద నుంచి పడి కాలు విరిగింది. నాలుగు నెలలు జీతం లేదు. ఆసుపత్రికి 4.8 లక్షలైతే కంపెనీ ఇన్సూరెన్స్ 2 లక్షలు ఇచ్చింది, బావమరిది 2 లక్షలు సర్దాడు. ఐదు ఈఎంఐలు ఆగాయి. రెండు నెలలుగా డ్యూటీకి వెళ్తున్నా, అంతా ఒకేసారి కడదామని ఇంకా వేయలేదు. కారు ఈఎంఐ 8,600, చిట్టీ 5,000 మాత్రం ఆపలేదు. బ్యాంకు పంపిన రిజిస్టర్ పోస్టు తీసుకోలేదు. మూడు వారాల కిందట గేటుకు నోటీసు అతికించి పోయారు, 60 రోజుల్లో 26.8 లక్షలు కట్టాలట. మిడ్జిల్ దగ్గర నాన్న పేరు మీద ఎకరన్నర చెలక ఉంది. అది రాసిస్తే తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి 5 లక్షలు ఇస్తానంటున్నాడు. తీసుకోమంటారా? కారు అమ్మితే 3.5 లక్షలు వస్తుందట, దాని మీద 2.1 లక్షల లోన్ ఉంది. ఇంట్లో ఆరు తులాల బంగారం ఉంది.

జవాబు: తీసుకోవద్దు. ఆయన ఎంత తెలిసినవాడైనా సరే.

5 లక్షలకు నూటికి మూడు అంటే నెలకు 15,000 వడ్డీ. దానికి ఇంటి ఈఎంఐ, కారు ఈఎంఐ కలిపితే 48,300. మీ జీతం 44,000. అసలులో ఒక్క రూపాయి తీరకముందే, ఇంట్లో పొయ్యి వెలగకముందే జీతం దాటిపోయింది. ఈ లెక్క వేసుకోవడానికి నాకు ఉత్తరం రాయాల్సిన పని లేదు, సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటుంది. ఇక చెలక సంగతి. 'రాసివ్వడం' అంటే ఆయన అడుగుతున్నది నోటు కాదు, తహసీల్దారు ఆఫీసులో రిజిస్ట్రేషన్. భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి భూభారతి వచ్చినా ఆ పని అక్కడే అయిపోతుంది. పాసుపుస్తకం ఆయన పేరు మీదికి మారాక 'బాకీ తీరిస్తే తిరిగి రాస్తా' అన్న మాట ఏ కాగితంలోనూ ఉండదు. రైతు భరోసా డబ్బు కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. నల్లగొండలో నాకు తెలిసిన ఒకాయన ఇలాగే 3 లక్షలకు ప్లాటు రాసిచ్చి, ఇప్పుడు దాని పక్క నుంచి రోజూ ఆఫీసుకు పోతున్నాడు. ఒక ఇల్లు కాపాడుకోబోయి తండ్రి భూమి మీదికి తెచ్చుకోకండి.

నోటీసులో 26.8 లక్షలు చూసి మీరు భయపడ్డారు. 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే చట్టం) 13(2) కింద పంపే నోటీసులో మొత్తం అప్పు అడుగుతారు, దాని రాత అంతే. కానీ మీరు నిజంగా వెనకబడింది ఐదు ఈఎంఐలు, అంటే 1,23,500. చార్జీలు కలిపి 1.31 లక్షలు అనుకుందాం. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బకాయి అవుతుంది. అసలు, వడ్డీ బకాయి మొత్తం కడితే మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. సగం కడితే కాదు. ఆర్‌బీఐ ఈ మాట స్పష్టంగా చెప్పింది. అందుకే ఒకటో రెండో ఈఎంఐలు విసిరేసి ఊరుకోకండి, బకాయి అంతా ఒక్కసారే తీర్చేయండి. అప్పుడు బ్యాంకులు సాధారణంగా అక్కడితో ఆగుతాయి, అయినా ఆగుతున్నట్టు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

రిజిస్టర్ పోస్టు తీసుకోకపోతే నోటీసు చెల్లదన్న నమ్మకం మన దగ్గర ఎందుకు పాతుకుపోయిందో నాకు అర్థం కాదు. తీసుకోకపోతే గేటుకు అతికిస్తారు, మీరే చూశారుగా. 60 రోజులు దాటితే స్వాధీనం నోటీసు వస్తుంది. అది తెలుగు పేపర్లో కూడా మీ పేరు, ఇంటి హద్దులతో సహా పడుతుంది. తర్వాత 30 రోజుల గడువిచ్చి వేలం. వేలం నోటీసు వెలువడేదాకా మొత్తం కట్టి విడిపించుకునే హక్కు మీకుంటుంది, ఆ తర్వాత పోతుంది. ఈలోగా మీ యాక్సిడెంట్ కాగితాలు, జీతం లేని నెలల పే స్లిప్పులు జతచేసి బ్యాంకుకు అభ్యంతరం రాసివ్వండి. 15 రోజుల్లో జవాబివ్వాల్సిన బాధ్యత బ్యాంకుది. ఫోన్లో మాట్లాడితే లెక్కలోకి రాదు. రసీదు తీసుకోండి.

డబ్బు ఎక్కడినుంచి? మీ ఉత్తరంలోనే ఉంది. రెండు నెలలుగా వేయని ఈఎంఐల డబ్బు 49,400 ఇంకా ఖాతాలో ఉండాలి. లేకపోతే ఎటు పోయిందో ముందు మీ ఇద్దరూ కూర్చుని చూసుకోండి. మిగతాదానికి మూడు తులాలు బ్యాంకులో కుదువ పెట్టండి. మొత్తం 1.31 లక్షలూ బంగారం మీదే తీసుకున్నా, ఏడాదికి పది శాతం అటూఇటూగా నెలకు 1,100 వడ్డీ. అదే డబ్బుకు మీ తెలిసినాయన దగ్గర 3,930. తర్వాత కారు అమ్మండి. లోన్ తీరాక 1.4 లక్షలు మిగులుతుంది, దాంతో బంగారం ఇంటికొస్తుంది.

కారు అమ్మితే పరువు పోతుందనే కదా ఇన్నాళ్లూ దాని ఈఎంఐ తప్పకుండా కట్టి, ఇంటిది ఆపారు? కారును ఇంటి ముందు నుంచి లాక్కుపోతే వీధంతా చూస్తుంది, ఇల్లు ఎక్కడికీ కదలదు అనుకుంటాం. ఇలాంటి ఉత్తరాలు మిర్యాలగూడ నుంచి వచ్చినా, వనపర్తి నుంచి వచ్చినా అందులో వరస ఇదే. మీ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి కారణం కూడా ఇదే.

అసలు సంగతికి వస్తా. మీ కాలు విరగడం వల్ల ఇల్లు ప్రమాదంలో పడలేదు. నాలుగు నెలల జీతం పక్కన లేకపోవడం వల్ల పడింది. ఇలాంటి రోజుకని ఆరు నెలల ఖర్చు విడిగా ఉంచుకోవాలి. ఆరు ఈఎంఐలు అంటే 1.48 లక్షలు. నెలకు 12,000 చొప్పున ఇంటి ఖర్చు మరో 72,000. మొత్తం 2.2 లక్షలు. గృహప్రవేశానికి మీరు పెట్టింది 2.5 లక్షలు! భోజనాలు బాగానే పెట్టి ఉంటారు, కాదనను. లోన్‌తోపాటు తీసుకున్న ఇన్సూరెన్స్ ఏమైనా ఇస్తుందా అని చూసుకోండి, కానీ అలాంటివి ఎక్కువగా మనిషి పోతేనే ఇచ్చేవి. కాలికి కట్టు కడితే ఈఎంఐ కట్టవు. చిట్టీ ఉంది కదా అంటారేమో. చిట్టీ అత్యవసర నిధి కాదు. ఆ నెల పాటలో ఎవరు పోటీకి వస్తారో, జామీను ఎవరు పెడతారో మీ చేతిలో ఉండదు. దాన్ని చివరిదాకా నడిపించండి.

కారు ఈఎంఐ 8,600 వచ్చే నెల నుంచి మిగులుతుంది. దాన్ని అలాగే ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో) వేయండి. ఇన్నాళ్లూ అది పోగా మిగిలినదాంతోనే కదా సంసారం నడిచింది, ఇకముందూ నడుస్తుంది. 26 నెలల్లో 2.2 లక్షలు దాటుతుంది. ఆ డబ్బును ఫోన్‌పేకు లింకున్న ఖాతాలో మాత్రం పెట్టొద్దు, టీ కొట్టు దగ్గరే కరిగిపోతుంది. బావమరిదికి విషయం చెప్పి ఏడాది గడువు అడగండి, ఆయన వడ్డీ అడగడం లేదుగా.

మిగతా దారులు క్లుప్తంగా. లోన్ కాలం పెంచి ఈఎంఐ తగ్గించమని అడగొచ్చు, బకాయి తీరాక. వన్ టైమ్ సెటిల్‌మెంట్ (బ్యాంకుతో తక్కువకు మాట్లాడుకుని లోన్ మూసేయడం) జోలికి పోవద్దు, సిబిల్‌లో ఆ మచ్చ ఏళ్లపాటు ఉంటుంది. స్టే తెస్తానని 50,000 అడిగే వాళ్లు తగులుతారు. స్వాధీనం చర్య మొదలయ్యాక 45 రోజుల్లో హైదరాబాద్‌లోని డీఆర్‌టీకి (బ్యాంకు అప్పుల కేసులు చూసే ట్రిబ్యునల్‌కు) వెళ్లొచ్చు, కానీ 1.31 లక్షల బకాయికి అది తొలి దారి కాదు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేస్తే ఆ కాల్ వివరాలతో బ్యాంకుకు ఫిర్యాదు రాయండి.

ఒకవేళ ఉద్యోగం మళ్లీ ఊగిసలాడి ఈఎంఐ మోయలేమనిపిస్తే, వేలందాకా ఆగకుండా ఇల్లు మీరే అమ్ముకోండి. బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్ అడగండి. అందులో ఆ తేదీకి ఎంత కడితే లోన్ మూతపడుతుందో ఉంటుంది. కొనేవాళ్లు ఆ మొత్తం నేరుగా లోన్ ఖాతాలో వేస్తారు, మిగిలింది మీది. వేలంలో మిగిలినా మీకే ఇస్తారు కానీ, బ్యాంకు ఖర్చులన్నీ పట్టుకున్నాకే. పైగా వేలంలో కొనేవాడు చవక చూసుకునే వస్తాడు.

సోమవారం బ్యాంకుకు పోయేటప్పుడు గేటుకు అతికించిన ఆ నోటీసు వెంట తీసుకెళ్లండి. చింపేసి ఉంటే కాపీ అడగండి. దాని మీది తేదీ నుంచే మీ 60 రోజులు లెక్క వేసుకోండి, నా లెక్కన ఇంకా ఐదున్నర వారాలు ఉన్నాయి.