ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చూడకుండా రిపోర్ట్‌పై సంతకం పెట్టకు

అమ్మలూ,

జెర్మ్ సెల్ ట్యూమర్ల (అండాలు, వీర్యకణాలయ్యే మూలకణాల్లోంచి పుట్టే గడ్డల) పాథాలజీలోకి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో అంత టెన్షన్‌గానూ ఉంది, అందుకే రాస్తున్నా.

గడ్డలో సెంటీమీటరుకి కనీసం ఒక బ్లాక్ (స్లైడు కోసం కోసే ముక్క) తియ్యి, రక్తం చిమ్మిన చోటూ రంగు మారిన చోటూ వదలకు. ఇవి నీకు తెలిసినవే. నా భయమంతా జెర్మ్ సెల్ ట్యూమర్లలో ఒక రకం క్యాన్సరైన యోక్ శాక్ ట్యూమర్ గురించే.

నేను ట్రైనింగ్‌లో ఉండగా ఇరవై ఏళ్ల అమ్మాయి అండాశయం గడ్డ వచ్చింది. స్లైడులో తెల్లగా ఖాళీగా కనిపించే కణాలు, అక్కడక్కడా వేళ్లలా పొడుచుకొచ్చిన పాపిల్లాలు. మా సీనియర్ యోక్ శాక్‌కి గుర్తయిన షిల్లర్-డువాల్ బాడీ కోసం తెగ వెతికారు. మధ్యలో రక్తనాళం, దాన్ని కప్పుతూ ట్యూమర్ కణాలు, చుట్టూ సందు, అచ్చం కిడ్నీలోని గ్లోమెరులస్‌లా ఉంటుందే, అది. దొరకలేదు. క్లియర్ సెల్ కార్సినోమా అని, అంటే వేరే రకం అండాశయ క్యాన్సర్ అని రాసేశారు. ఆ కాగితాన్ని నమ్మి రెండో ఆపరేషన్‌లో మిగిలిన అండాశయం, గర్భసంచి కూడా తీసేశారు. నెలల్లోనే జబ్బు తిరగబెట్టింది, అప్పుడు గానీ ఎవరూ ఏఎఫ్‌పీ (యోక్ శాక్ ట్యూమర్ రక్తంలోకి వదిలే ప్రొటీన్) పరీక్ష చెయ్యించలేదు, చూస్తే వేలల్లో ఉంది. పాత స్లైడులు మళ్లీ పెడితే వలలాంటి రెటిక్యులర్ అల్లిక, గులాబీ రంగు హయలిన్ గుండ్లు కళ్లెదుటే ఉన్నాయి! ఒక వైపు అండాశయం తీసి కీమో ఇస్తే పిల్లల్ని కనే అవకాశం మిగిలేది కదా అని ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

1939లో షిల్లర్ అనే పాథాలజిస్ట్ ఈ రెండు జబ్బుల్నీ మెసోనెఫ్రోమా అని ఒకే గాటన కట్టాడు, 1959లో టైలమ్ అనే ఇంకో పాథాలజిస్ట్ యోక్ శాక్‌ని వేరుగా నిలబెట్టాడు. అంతటివాళ్లనే తికమక పెట్టిన పోలిక ఇది. షిల్లర్-డువాల్ బాడీలు చాలా కేసుల్లో కనిపించవు, అవి లేవని యోక్ శాక్‌ని కొట్టిపారేశావో, నేను ఊరుకోను.

ఇప్పుడు మీకు స్లైడు మీద కణాల ప్రొటీన్లని రంగుతో పట్టే మార్కర్లున్నాయి. సాల్4, గ్లైపికాన్-3 పాజిటివ్ వచ్చి, సీకే7, ఈఎంఏ నెగటివ్ అయితే యోక్ శాక్ వైపే మొగ్గు. ఆక్ట్4, సీడీ30 రెండూ నెగటివ్ అయితే డిస్‌జెర్మినోమా, ఎంబ్రియోనల్ కార్సినోమా అనే మిగతా జెర్మ్ సెల్ ట్యూమర్లు పక్కకి పోతాయి. గ్లైపికాన్-3 ఒక్కదాన్నే నమ్మకు, కొన్ని క్లియర్ సెల్ కార్సినోమాల్లోనూ వెలుగుతుంది. ఏఎఫ్‌పీని కూడా గుడ్డిగా చదవొద్దు: పసిపిల్లల్లో మామూలుగానే ఎక్కువ, కాలేయం జబ్బుల్లోనూ పెరుగుతుంది. ఆపరేషన్ అయిపోయిందని వదిలెయ్యకు, దాని హాఫ్-లైఫ్ (రక్తంలో సగానికి తగ్గే కాలం) 5 నుంచి 7 రోజులు, వెంటనే రక్తం పంపిస్తే ఇంకా దొరుకుతుంది.

చిన్న వయసు అమ్మాయి స్లైడు వచ్చి, క్లియర్ సెల్ అనిపిస్తే, ముందు సర్జన్‌కి ఫోన్ చేసి ఏఎఫ్‌పీ అడుగు. రిపోర్ట్ ఆలస్యమైందని ఎవరు అరిచినా సరే. అప్పటికీ తేలకపోతే ఏ రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి తల్లీ.

నీ పెద్దమ్మ