ఏడేళ్ల పాపకు రామాయణం కొనాలి, ఎలాంటి పుస్తకం మంచిది?

ముందు చివరి పేజీలు తిప్పి చూడండి. కథ పట్టాభిషేకంతో ఆగిందా, ఉత్తరకాండలోకి వెళ్లిందా? ఏడేళ్లకు పట్టాభిషేకం దాకా చాలు. సీతను మళ్లీ అడవికెందుకు పంపారని పాప అడిగితే చెప్పే ఓపిక మీకుంటే సరే.

తర్వాత ఒక పేజీ పైకి చదవండి. ఈ వయసులో చదివేదానికంటే వినేదే ఎక్కువ. మీ నాలుకే తడబడితే ఆ పుస్తకం అల్మారాలోనే ఉండిపోతుంది, అట్ట ఎంత మెరిసినా సరే.

'ఇది వాల్మీకిలో లేదే' అని టెన్షన్ పడకండి. లక్ష్మణరేఖ గానీ, వారధికి సాయం చేసిన ఉడుత గానీ వాల్మీకి రాసినవి కావు. రెండూ మన రంగనాథ రామాయణంలో కనిపిస్తాయి. నన్నడిగితే ఉడుత లేని పుస్తకం కొననే వద్దు. 24,000 శ్లోకాలు పెద్దయ్యాక ఎలాగూ ఉన్నాయి!

అయితే పిల్లలు భయపడతారని శూర్పణఖ ముక్కు కోసిన ఘట్టాన్నే ఎత్తేసిన పుస్తకాలు కూడా ఉంటాయి. అవి వద్దు. అది లేకపోతే రావణుడికి సీత సంగతి ఎలా తెలిసిందో, పగ ఎందుకు పుట్టిందో పాపకు అర్థం కాదు. రక్తం బొమ్మ లేకుండా ఒక్క వాక్యంలో చెప్పినా చాలు.