చైనా బేలో గోల్ఫ్ టీ ఎక్కే ముందు

విజయవాడ

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

నీ ట్రింకోమలీ ప్రయాణం ఖాయమైందని అక్కయ్య చెప్పింది. చైనా బేలో శ్రీలంక వైమానిక దళం నడిపే ఈగల్స్ గోల్ఫ్ లింక్స్‌లో, అదీ అక్కడి ఆఫీసర్లతో ఆట అంటే నీకు స్కోరు దిగులు పట్టుకునే ఉంటుంది. దాన్ని పక్కన పెట్టు. నువ్వు మొత్తం 95 షాట్లు కొట్టావా 105 కొట్టావా అన్నది సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. వాళ్లని నిలబెట్టి కాయించావా, నీ తప్పు నువ్వే చెప్పుకున్నావా అన్నది మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

పాస్‌పోర్టు కాపీ ముందే పంపు. టీ టైమ్ (మొదటి బాల్ కొట్టే వేళ) ఆరున్నర అన్నారంటే ఆరింటికల్లా అక్కడుండు. కాలర్ చొక్కా, టక్, బెల్టు, జీన్స్ వద్దు. వైమానిక స్థావరం ఉన్నచోటు, అడక్కుండా ఫోన్ తీసి ఫొటోలు కొట్టకు. పోస్టింగుల గురించి కూపీ లాగకు.

హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయిని బట్టి ఇచ్చే షాట్ల రాయితీ) ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ హ్యాండిక్యాప్ ఇండెక్స్ 20, ఆ కోర్సు స్లోప్ (మామూలు ఆటగాడికి అది ఎంత కష్టమో చెప్పే అంకె) 125 అనుకో: 20ని 125తో హెచ్చించి ప్రామాణిక స్లోప్ 113తో భాగిస్తే 22. దానికి కోర్సు రేటింగుకీ (మేటి ఆటగాడికి అక్కడ పట్టే షాట్లు) పార్‌కీ (కోర్సుకి నిర్ణయించిన షాట్లు) ఉన్న తేడా కలపాలి. ఆ తేడా సున్నా అయితే ప్రతి హోల్‌కీ ఒక షాట్ రాయితీ వస్తుంది, స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టాన్ని బట్టి వేసిన వరస) 1 నుంచి 4 దాకా ఉన్న హోల్స్‌కి ఇంకొకటి. హ్యాండిక్యాప్ నాలుగు షాట్లు ఎక్కువ చెప్పి గెలిచినవాణ్ణి మళ్లీ పిలవరు.

ఎండ మన బెజవాడ ఎండే, అది నీకు లెక్క కాదు. గాలితోనే తంటా. మే నుంచి సెప్టెంబరు దాకా అక్కడ నైరుతి గాలి గట్టిగా వీస్తుంది. గంటకి 16 కిలోమీటర్ల ఎదురుగాలిలో 150 గజాల షాట్‌ని 165 అనుకుని పెద్ద క్లబ్ తీసుకో, మెల్లగా ఊపు. గట్టిగా బాదితే స్పిన్ పెరిగి బాల్ పైకి లేచి అక్కడే కూలబడుతుంది. వెనకగాలి మాత్రం అంత కలిసిరాదు, సగం లాభమే.

బాల్ పొదల్లోకి పోయిందన్న అనుమానం రాగానే 'ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే పనికొచ్చే బాల్) ఆడుతున్నాను' అని పైకి చెప్పి ఇంకోటి కొట్టు. ఆ మాట అనకుండా కొట్టావా, మొదటి బాల్ దొరికినా పనికిరాదు. వెతకడానికి 2019 నుంచి రూల్స్ ప్రకారం 3 నిమిషాలే. స్టేబుల్‌ఫోర్డ్ (హోల్‌కి ఇన్ని పాయింట్లని లెక్కించే) ఆటైతే, పాయింటు రాదని తేలగానే బాల్ జేబులో వేసుకో. ఏడో షాట్, ఎనిమిదో షాట్ అంటూ పాకకు. బాల్ కదిలింది, ఎవరూ చూడలేదు? చూశారనుకునే చెప్పెయ్.

గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద నీ బాల్ పడిన గుంటని నువ్వే పూడ్చు. ఇక్కడ చాలామంది ఫోర్క్ గుచ్చి కిందినుంచి పైకి లేపుతారు. అలా లేపితే గడ్డి వేళ్లు తెగి నాలుగు రోజులకి అక్కడ గోధుమరంగు మచ్చ తేలుతుంది. గుంట అంచుకి కాస్త అవతల గుచ్చి, చుట్టూ నాలుగు వైపుల నుంచీ గడ్డిని మధ్యకి నెట్టి, పటర్ (గ్రీన్ మీద బాల్ దొర్లించే క్లబ్) అడుగుతో అద్దు. పావు నిమిషం పని. నీది అయ్యాక పక్కనున్న ఇంకోటి కూడా పూడ్చు, మాట్లాడకుండా.

ర్యాంకు భయం వద్దు. టీ (హోల్ మొదలుపెట్టే చోటు) మీద ముందు కొట్టే వంతు గత హోల్ బాగా ఆడినవాడిది, పెద్ద ర్యాంకు ఆఫీసర్‌ది కాదు. ఆయన రెండడుగుల పట్‌ని (హోల్‌లోకి దొర్లించే షాట్) 'వదిలెయ్యండి సార్' అనేది మ్యాచ్ ప్లేలోనే (హోల్ హోల్‌కీ గెలుపోటములు చూసే ఆట). మొత్తం షాట్లు లెక్కించే స్ట్రోక్ ప్లేలో ఎవరైనా హోల్‌లో వెయ్యాల్సిందే. పందెం ఉంటే ఎంతో మొదటి టీ దగ్గరే అడుగు. నసావ్ అంటే ఒకటి కాదు, మూడు పందేలు: ముందు తొమ్మిది, వెనక తొమ్మిది, మొత్తం. చిల్లర నోట్లు ఉంచుకో. క్యాడీకి (బ్యాగ్ మోసే మనిషి) ఎంత ఇవ్వాలో నిన్ను పిలిచినవాళ్లని అడిగి అంతే ఇవ్వు. ఎక్కువిచ్చి వాళ్లని ఇబ్బంది పెట్టకు.

పద్దెనిమిదో గ్రీన్ మీద టోపీ తీసి కరచాలనం చెయ్యి.

గన్నవరంలో బ్యాగ్ ఇచ్చేముందు డ్రైవర్ క్లబ్ తల ఊడదీసి తువ్వాలు చుట్టు, మిగతా క్లబ్బుల కంటే పొడవైన కర్ర ఒకటి మధ్యలో నిలబెట్టు. బ్యాగ్ తలకిందులుగా పడినా దెబ్బ కర్రకే తగులుతుంది. బహుమతికి కొండపల్లి అంబారీ ఏనుగు తీసుకెళ్లు. తెల్లపొణికి చెక్క తేలిక, అతుకుల దగ్గర ఇట్టే ఊడుతుంది. అది చేతి సంచిలోనే ఉండాలి, క్లబ్బుల మధ్య కాదు.

ఇట్లు,
మావయ్య