అడగండి, చెబుతాం: విలన్‌గా మళ్లీ పుట్టిన అమ్మాయి

ప్ర: ఫోన్లో ఓటోమె గేములు (అమ్మాయిగా ఆడి, హీరోల్లో ఒకరి ప్రేమ గెలుచుకునే జపాన్ గేములు) చాలా ఆడాను. హీరోలు నలుగురైదుగురు ఉంటారు గానీ, చచ్చిపోయిన అమ్మాయి తను ఆడిన గేములోనే విలన్‌గా పుట్టే మాంగాల్లో (జపాన్ కామిక్స్‌లో) కనిపించే ఆ రింగుల జుట్టు గొప్పింటి విలన్ పిల్ల ఒక్క గేములోనూ తగల్లేదు. ఎక్కణ్ణుంచి వచ్చింది ఈమె?
– డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జ: గేముల్లోంచి కాదు, ఇంటర్నెట్ నవలల్లోంచి. ఓటోమె గేముల్లో మొదటిదిగా చెప్పుకునే 'ఏంజెలీక్' 1994లో సూపర్ ఫామికామ్ అనే గేము యంత్రం మీద వచ్చింది. అందులో రొజాలియా ఉంది. రాణి పదవికి పోటీ పడుతుందే తప్ప విషం కలిపే రకం కాదు. ఆడేవాళ్లు వచ్చేది హీరోల కోసం కాబట్టి, అడ్డుపడే మనిషికి గేముల్లో అంత చోటు దక్కదు. మండిపడే కాబోయే యువరాణి, నిండు విందులో పెళ్లి రద్దు చేసే యువరాజు - ఈ ముచ్చట 'షోసెత్సుకా ని నారో' (పొట్టిగా నారో) అనే జపాన్ నవలల సైట్లో రచయితలు ఒకరి నుంచి ఒకరు అందుకుని స్థిరపరిచింది. లేని గేముకు పేరడీ అన్నమాట.

ప్ర: గేములో విలన్‌గా మళ్లీ పుట్టిన కాటరీనా అనే అమ్మాయి కథను అనిమేగా (జపాన్ కార్టూన్ సీరియల్‌గా) చూశాను. మాంగా ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?
– కడప

జ: మొదటి సంపుటం నుంచే. నవల నారోలో 2014లో మొదలైంది, 2015లో పుస్తకమైంది, మాంగా 2017లో, అనిమే 2020లో వచ్చాయి. నవలకు బొమ్మలు వేసిన నామి హిదాకే మాంగా కూడా గీశారు. పేజీలో కుడివైపు పై గడి ముందు చదవాలి. జవాబు ముందూ ప్రశ్న వెనకా వస్తున్నాయంటే యాప్‌లో చదివే దిశ తప్పుగా పెట్టారని అర్థం.

ప్ర: 24 పేజీల మాంగా గీస్తున్నాను. కర్నూలు అమ్మాయి చచ్చిపోయి, గేములో విలన్‌గా పుడుతుంది. పేజీలన్నీ అయిపోవస్తున్నాయి, ఆమె ఇంకా ఎనిమిదేళ్ల పిల్లే. తప్పెక్కడ?
– ఇంటర్ విద్యార్థి, ఆదోని

జ: మొదట్లోనే. పాత జీవితానికీ, ప్రమాదానికీ, ఏడుపులకూ కలిపి ఒక్క పేజీ చాలు. 3వ పేజీ దాటకముందే ఆమె అద్దంలో చూసుకుని 'ఈ మొహం నాకు తెలుసే' అనాలి. హీరో ఒక్కడు, ప్రమాద సూచన (వీళ్ల మాటలో 'ఫ్లాగ్') ఒక్కటి. నలుగురు హీరోలనూ దింపితే తలా ఆరు పేజీలు పోతాయి, కథ పెళ్లిసంబంధాల ఆల్బమ్ అయి కూర్చుంటుంది.

గీసేముందు ఆమెకు గుర్తున్నదంతా కాగితం మీద రాసుకోండి: ఎవరు, ఏ సంఘటన, ఏ వయసులో, చివరికేం జరుగుతుంది. తర్వాత ఆమె వేసే ఎత్తు కంటికి కనిపించేదిగా, కాస్త వంకరగా ఉండాలి. కాటరీనానే చూడండి. దేశం నుంచి వెళ్లగొడితే బతకాలి కదా అని మడి చేసుకుని పంట పని నేర్చుకుంటుంది. యువరాజుకు పాములు పడవని బొమ్మ పాములు తయారు చేస్తుంది. నవ్వొస్తుంది, కానీ ఆ పిల్ల భయం నిజమైనదని కూడా తెలుస్తుంది.

14వ పేజీ ప్రాంతంలో గేములో లేని సంగతి ఒకటి జరగాలి, అదీ ఆమె చేసిన మార్పు వల్లే. తెలిసిన కథ చివరిదాకా తెలిసినట్టే నడిస్తే ఇక చదివేదేముంది? విందు దాకా వెళ్లాల్సిన పనిలేదు, మొదటి ఫలితం తారుమారైన చోట ఆపేయొచ్చు.

కొండారెడ్డి బురుజును రాజమహల్ చేయాలా అని కూడా అడిగారు. వద్దు. రాజ్యం గేముదే ఉండనివ్వండి, కర్నూలును ఆమె మనసులోని మాటల్లో పెట్టండి. పైకి: 'తమరి రాక మాకెంతో ఆనందం, యువరాజా.' లోపల: 'యాడ దాక్కోవాల్రా సామీ!' లోపలి మాటలకు తోక లేని పెట్టె, పైకి మాటలకు తోక బుడగ. 20వ పేజీలో ఒక్కసారి ఆ యాస నలుగురి ముందు నోరు జారితే పేజీ పేలుతుంది. రెండోసారి వాడకండి.

ప్ర: డైలాగులు బుడగల్లో పట్టట్లేదు. జిరాక్స్ తీయిస్తే బూడిద చుక్కలు చారలు కడుతున్నాయి.
– ప్రొద్దుటూరు

జ: జపాన్ వాళ్లు నిలువుగా రాస్తారు కాబట్టి వాళ్ల బుడగ నిలువు. మీకు అడ్డం బుడగ కావాలి. 'నీతో నా నిశ్చితార్థాన్ని రద్దు చేసుకుంటున్నాను' అని నిలువు బుడగలో పెడితే 'నిశ్చితార్థాన్ని' ఒక్కటే రెండు అంచులూ తాకుతుంది. అక్షరాన్ని తగ్గించకండి, 8 పాయింట్ల కిందకు పోతే ఒత్తులు ముద్దవుతాయి. మాటను తగ్గించండి: 'ఈ పెళ్లి జరగదు.' వరుసల ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు ఉంచండి, లేకుంటే పై ఒత్తు కింది గుడికి తగులుతుంది. రఫ్‌లోనే ముందు డైలాగు రాసి, దాని చుట్టూ బుడగ గీసి, మిగిలిన చోట మొహం వేయండి. పాత ఫోటోషాప్‌లో అక్షరాలు విడిపోతుంటే టెక్స్ట్ సెట్టింగ్‌ను దక్షిణాసియా భాషలకు మార్చండి. ఇంక్‌స్కేప్‌లో ఈ తంటా లేదు.

చారలకు కారణం చుక్కలు వేశాక పేజీని కుదించడం. ఏ4ను ఏ5 చేస్తే 71 శాతానికి తగ్గుతుంది, 60 లైన్ల టోన్ (అంగుళానికి 60 వరుసల బూడిద చుక్కలు) 85 లైన్లంత దట్టమవుతుంది. ఆ దట్టమైన చుక్కల వరుసలు యంత్రం చుక్కల వరుసలతో ఢీకొంటే చారలే. ముందు కుదించి, తర్వాత టోన్ వేసి, 600 డీపీఐ తెలుపు-నలుపులో సేవ్ చేయండి. షాపులో 'ఫిట్ టు పేజ్' తీసేసి 100 శాతంలో తీయమనండి. గీతలూ సన్నబడతాయి, 0.3 మిల్లీమీటర్ల గీత 0.2 అవుతుంది. మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగించబడాలి. 24 పేజీలకు ఏ4 కాగితాలు ఆరు. తెలుగు ఎడమ నుంచి చదువుతాం కాబట్టి మడత ఎడమ వైపు.